బోదకాలు నీళ్ళ వల్ల వస్తుందా?

“మా ఊరి నీళ్ళు మంచివి కావండీ, అందుకే ఇన్ని బోదకాళ్ళు.” అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఈ మాట విననివారు అరుదు. ఈ మాట అనేవారిని చూసి నవ్వనక్కరలేదు. బోదపురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లో చైనాలో కనిపెట్టిన మాన్సన్ దొరగారు కూడా, ఆ దోమ నీళ్ళలో పడి చస్తే, ఆ నీళ్ళు తాగినవారికి జబ్బు వస్తుందనే తలచారు. దోమ కుట్టే ముక్కులోనే పురుగుపిల్లలు ఉన్నాయని 1900లో లో అనే వైద్యుడు చూపించాక గాని సంగతి తేలలేదు.

మరి, చెడ్డనీళ్ళ ఊళ్ళోనే బోదకాళ్ళు ఎక్కువగా కనబడుతున్నాయే అంటారా? ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ కోసం చెప్పే లెక్క మాత్రమే.

ఒక ఊళ్ళో బావినీళ్ళు తాగే 100 మందిలో 21 మందికి, కుళాయినీళ్ళు తాగే 100 మందిలో 9 మందికి జబ్బు ఉందనుకోండి. తప్పు బావిదేనని తీర్పు చెప్పేస్తాం. కాని వాళ్ళ ఇళ్ళెక్కడో అడగండి. బావివారిలో 80 మంది పల్లంలో, మురుగుకాలవ పక్కన ఉన్నారు; వారిలో 20 మంది రోగులు. మెరకన ఉన్న 20 మందిలో ఒక్కడే రోగి. కుళాయివారిలో మురుగు పక్కన ఉన్నవారు 20 మందే. వారిలో 5గురు రోగులు. మెరకన ఉన్న 80 మందిలో నలుగురు. అంటే ఏ నీళ్ళు తాగినా సరే, మురుగు పక్కనయితే నలుగురిలో ఒకరికి, మెరకనయితే 20 మందిలో ఒకరికి జబ్బు ఉంది. బావి నిర్దోషి. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ అసలు దోషి. అందుకే, ఇద్దరిని పోల్చేటప్పుడు మిగతా విషయాల్లో వారు సమానమేనా అని ముందు చూడాలి.

పరీక్షలోనూ పొరపాటు జరగవచ్చు. మన ప్రాంతపు బోదపురుగు పిల్లలు రాత్రివేళ, ముఖ్యంగా 10 గంటల నుంచి 2 గంటల వరకు రక్తంలోకి వస్తాయి. పగలు రక్తం తీసి అద్దంమీద చూసి “ఏమీ లేదు” అంటే ఆ మాట నమ్మడానికి లేదు. పైగా, కాలు బాగా వాచినవారి రక్తంలో పురుగుపిల్లలు తరచు కనిపించవు. ఏ బాధా లేకుండా తిరిగేవారి రక్తంలో ఉండవచ్చు. వాచిన కాళ్ళు మాత్రమే లెక్కపెట్టుకుని “మా ఊళ్ళో నలుగురికే ఉంది” అనుకుంటే మోసపోతాం. పగలయినా చేయదగిన కార్డు పరీక్ష ఇప్పుడు ఉంది.

ఇక తాయెత్తు సంగతి. గజ్జల్లో బిళ్ళకట్టి చలిజ్వరం వస్తే కొందరు మంత్రం వేయించుకుంటారు. నాలుగైదు రోజులకు తగ్గుతుంది. ఈ జ్వరం చాలామందికి తనంతట తానే ఆ పాటికి తగ్గేదే! పేరు మంత్రానికి దక్కుతుంది. అందుకే కొత్త మందును పరీక్షించే వైద్యులు చీట్లు వేసి, కొందరికి మందు, కొందరికి మందులేని ఉత్తి బిళ్ళ ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, చూసే వైద్యుడికీ తెలియదు. అప్పుడు తేడా కనిపిస్తే అది మందు గుణమే.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటి ఉంది. “బోద బిళ్ళలు వేసుకున్నాకే జ్వరం వచ్చింది, ఆ మందు మంచిది కాదు” అని కొందరు బిళ్ళలు పారేస్తారు. రక్తంలో పురుగుపిల్లలు ఉన్నవారికి, అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి రావచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. మందు పనిచేస్తోందనడానికి అది గుర్తు. బాధ ఎక్కువయితే మాత్రం వెంటనే వైద్యుడికి చూపించాలి.

మీరు చేయవలసినవి:

1. ఆరోగ్య కార్యకర్త బిళ్ళలు ఇస్తే, జబ్బు లేదనుకున్నా, అన్నం తిన్నాక ఎదుటే మింగండి. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్రమైన జబ్బున్నవారు వేసుకోరాదు.

2. కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడిలేకుండా తుడుచుకోవాలి. చిన్న పుండునయినా అశ్రద్ధ చేయరాదు. మాటిమాటికీ జ్వరం రావడానికి సూక్ష్మజీవులు ఆ పగుళ్ళలోంచే లోపలికి పోతాయి. పడుకునేటప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకోవాలి.

3. వరిబీజానికి శస్త్రచికిత్స ఉంది. సిగ్గుపడి దాచుకోవద్దు.

4. పెరట్లో కొబ్బరి డొక్కలు నానే గుంటలు, మురుగు నిలిచే చోట్లు పూడ్పించండి. రాత్రిళ్ళు దోమతెర కట్టుకోండి.

నీళ్ళు కాచి తాగడం మంచి అలవాటే. విరేచనాలు, కామెర్లు రాకుండా కాపాడుతుంది. కాని బోదకాలు రాకుండా ఉండాలంటే చూసుకోవలసింది బిందెను కాదు, ఇంటి వెనక మురుగును.