చెరువు ఎవరిది, చుక్కాని ఎవరిది?

"ఆడపిల్లకి బళ్లో మరుగుదొడ్డి సరిగ్గా లేదు, రాత్రిపూట బస్సు లేదు, సమానమైన కూలి లేదు. ఇవన్నీ పక్కనపెట్టి డబ్బున్నవాళ్ల తెరచాప పడవల గురించి మాట్లాడాలా?" ఈ ప్రశ్న బయటివాళ్లే కాదు, మన సంఘాల్లోనూ అడుగుతారు. మాట్లాడాలి. కూలి అడిగిన నోటితోనే ఆట కూడా అడగాలి. మనకు ఏది అవసరమో, ఏది విలాసమో తేల్చే అధికారం ఇంతకాలం ఎవరి చేతిలో ఉందో మనకు తెలియనిది కాదు.

వరంగల్‌నే తీసుకుందాం. కాకతీయులు చెరువులు తవ్వించిన నేల ఇది. పాకాల, రామప్ప, లక్నవరం ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. నగరంలో భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, దాటితే ధర్మసాగరం. ఇన్ని నీళ్ల మధ్య పుట్టిన ఆడపిల్లకు నీళ్లతో ఉన్న సంబంధం ఏమిటి? బట్టలుతకటం. బిందె మోయటం. బతుకమ్మ పండక్కి పద్మాక్షి గుట్ట దగ్గర గట్టున నిలబడి పూలు నీళ్లలో వదిలి వెనక్కి తిరగటం. ఇక మిగిలింది, చెప్పటానికి నోరు రాకపోయినా చెప్పాల్సింది: అత్తింటి హింస భరించలేని ఆడది చెరువు దారి పట్టటం. చెరువులో పడి చచ్చిన ఆడవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. చెరువు మీద ఆడుకున్న ఆడవాళ్ల కథ ఒక్కటైనా చెప్పండి చూద్దాం.

ఈత రాదు. ఎందుకు రాదంటే ఎవరూ నేర్పలేదు. మగపిల్లవాడు ఏడేళ్లకే నడుముకి సొరకాయ బుర్రో టైరు ట్యూబో కట్టుకుని బావిలో దూకుతాడు. అదే ఈడు ఆడపిల్ల తడిబట్టలతో గట్టెక్కితే నలుగురూ చూస్తారని తల్లికి భయం. ఎండలో తిరిగితే నల్లబడుతుంది, పెళ్లి కాదు అని అమ్మమ్మకి బెంగ. ఇది మన పిల్లల పిరికితనం కాదు. పితృస్వామ్యం నీళ్ల చుట్టూ కట్టిన కట్ట.

ఇప్పుడు ప్రపంచంలో ఈ పడవల ఆట ఎటు పోతోందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ అడుగున విమానం రెక్కల్లాంటి రెక్కలు బిగిస్తారు. వాటినే హైడ్రోఫాయిల్స్ అంటారు. గాలికి పడవ వేగం అందుకోగానే నీళ్లలోని రెక్క దాన్ని పైకెత్తుతుంది. పడవ మొత్తం నీటికి పైన తేలి, సన్నని కాళ్ల మీద పరుగెత్తినట్టు పోతుంది. మాత్ అనే పడవ ఈ రకంలో పేరున్నది. పొడవు పదకొండు అడుగులు, తెరచాపతో సహా బరువు సుమారు 30 కిలోలు. 2005లో రోహన్ వీల్ అనే ఆస్ట్రేలియన్ రెక్కల మాత్ మీద ప్రపంచ పోటీ గెలిచాక ఆ తరగతిలో రెక్కల్లేని పడవకి చోటు లేకుండాపోయింది. 2016 తర్వాత వాస్ప్ అనే పడవ వచ్చి, అందరికీ ఒకే రకం పడవ కావటంతో మామూలు ఔత్సాహికులు కూడా నేర్చుకుని పోటీ పడుతున్నారు.

ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు బరువు తక్కువ మనిషి నడిపే పడవే ముందుగా నీళ్లలోంచి లేస్తుంది. గాలి బాగా పెరిగినప్పుడు బరువున్న మనిషికి లాభం, నిజమే. కానీ "ఆడవాళ్ల ఒళ్లు దీనికి పనికిరాదు" అనే పాత పాట ఇక్కడ చెల్లదు. కావలసింది కండబలం ఒక్కటే కాదు. తూకం, చురుకు, గాలిని చదవటం, వీటన్నిటికీ మించి గంటల కొద్దీ సాధన.

మరి అవకాశం? ఒలింపిక్స్‌లో తెరచాప పడవల్లో స్త్రీలకు ప్రత్యేక విభాగం మొదటిసారి పెట్టింది 1988లో. 2024 పారిస్‌లో పది విభాగాలుంటే అందులో ఐదు రెక్కలతో లేచేవే. మన దేశం నుంచి పారిస్ వెళ్లింది ఇద్దరు, చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్, విష్ణు శరవణన్. ఇద్దరివీ రెక్కల్లేని పడవలే. ఆటలో సగం ఇంకో దారి పట్టింది, ఆ దారిలో మనవాళ్లు లేరు. అమెరికా కప్పుకి అదే 2024లో బార్సిలోనాలో తొలిసారి మహిళల పోటీ విడిగా పెట్టారు. అసలు కప్పు కోసం పోటీపడిన పెద్ద పడవల్లో మాత్రం మగవాళ్లే. 2027లో నేపుల్స్‌లో జరగాల్సిన పోటీకి ఐదుగురిలో కనీసం ఒక స్త్రీ ఉండాలని నియమం పెట్టారు. ఆ ఒక్కరి చేతికి చుక్కాని ఇస్తారా? సర్పంచి కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి సంతకం తప్ప మిగతా పెత్తనమంతా భర్త చేసే పంచాయితీలు చూసినవాళ్లం. ఆ మాత్రం అనుమానం మనకు రావాలి.

అసాధ్యమనేవాళ్లకు జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాద్ యాట్ క్లబ్ 2009 నుంచి హుస్సేన్‌సాగర్ మీద పిల్లలకు నేర్పుతోంది. రసూల్‌పుర లాంటి బస్తీల పిల్లలు అక్కడ ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలెక్కి జాతీయ పోటీలకు వెళ్లారు. అక్కడ నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున పడవ నడిపింది. పడవ దొరికితే, నేర్పేవాళ్లుంటే బస్తీ పిల్ల ఎంతదూరం పోతుందో దీంతో తేలిపోయింది. అయితే ఒక క్లబ్బు దయ మీద నడిచేదాన్ని హక్కు అనలేం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. పరుగు మొదలుపెట్టటానికి నేల చాలు. పడవకి అలా కుదరదు. రెక్కల పడవ కొనాలంటే పది లక్షల పైమాటే. దాని మీద పన్ను చూడండి: 2025 సెప్టెంబరులో మార్చిన జీఎస్టీలో విలాసానికి, ఆటకి వాడే యాట్లు, పడవలన్నిటినీ కలిపి 40 శాతం కింద పడేశారు. కోటీశ్వరుడి విహారనౌకా, పిల్ల నేర్చుకునే పడవా ఈ సర్కారు కళ్లకు ఒకటే!

రేపే భద్రకాళి చెరువులో రెక్కల పడవలు దించమని నేననటం లేదు. ఆ రెక్కకి కనీసం మనిషి లోతు నీళ్లుండాలి. గుర్రపుడెక్క చుట్టుకున్నా, ప్లాస్టిక్ సంచి తగిలినా, నిమజ్జనం చేసిన విగ్రహంలోంచి మిగిలిన ఇనపచువ్వ తగిలినా పడవ ఆగిపోతుంది, మనిషి ఎగిరిపడుతుంది. అంటే ఈ ఆట అడగటమంటే శుభ్రమైన చెరువు అడగటమే. 2024 చివర్లో భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడిక తీత మొదలుపెట్టారు. ఇలాంటి పనుల్లో కట్ట మీద పార్కు, దీపాలు, ఫొటోలు దిగే చోటు తప్పకుండా ఉంటాయి. పిల్లలు ఈత నేర్చుకునే చోటు ఎవరి ప్లానులోనూ ఉండదు. చెరువు మీద బతికే ముదిరాజు, గంగపుత్ర కుటుంబాలను కాదని ఏ ఆటా రాకూడదు. ఆ కుటుంబాల్లో కూడా చేపలమ్మే స్త్రీకి మత్స్య సంఘంలో సభ్యత్వం ఉందో లేదో ఇదే సందర్భంలో అడగాలి. నిజానికి మొదట పడవెక్కాల్సింది వాళ్ల కూతుళ్లే. నాన్న పుట్టి మీద కూర్చుని గాలి ఎటు తిరుగుతుందో చూసిన పిల్లలు వాళ్లు.

ఇంకొక విషయం దాటవేయలేం. నీళ్ల మధ్యలో కోచ్, పిల్ల, ఒక పడవ, చుట్టుపక్కల ఎవరూ ఉండరు. 2022 జూన్‌లో విదేశీ శిక్షణకు వెళ్లిన ఒక భారత నావికురాలు కోచ్ ప్రవర్తన మీద ఫిర్యాదు చేస్తే స్పోర్ట్స్ అథారిటీ నివేదిక అడగాల్సివచ్చింది. 2023లో పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్లే జంతర్‌మంతర్ రోడ్డు మీద కూర్చున్నారు. 2013 చట్టం "పని ప్రదేశం" అన్నదానిలో క్రీడాసంస్థ, స్టేడియం, పోటీ జరిగే చోటు కూడా చేర్చింది. ఆ లెక్కన పడవలు దించే రేవు కూడా పని ప్రదేశమే. అక్కడా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దాని సభ్యుల పేర్లు గోడ మీద రాసి ఉండాలి. మహిళా కోచ్, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి లేకుండా "ఆడపిల్లలు రావటం లేదండీ" అనే అధికారి మాట నమ్మొద్దు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టవచ్చు. నగరపాలక సంస్థనూ, జిల్లా క్రీడాశాఖనూ వేర్వేరుగా అడగండి. చెరువుల సుందరీకరణకు గత ఐదేళ్లలో ఎంత ఖర్చయింది, అందులో ఈతకీ ఆటలకీ ఎంత? ప్రభుత్వ ఈత కొలనులో ఆడపిల్లలకి ఏ వేళలిచ్చారు, ఎంతమంది పేర్లున్నాయి? నేర్పే స్త్రీ ఒక్కరైనా జీతం మీద ఉన్నారా? ఫిర్యాదుల కమిటీ ఏర్పాటు ఉత్తర్వు నకలు ఇవ్వండి. జవాబులు రాగానే వాటిని బతుకమ్మ ఆడే గట్టు మీదే చదివి వినిపిద్దాం.