సంతకం వార్డెన్ పెడితే సరిపోతదా?

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

మేముండే హాస్టల్ పటాన్‌చెరు, సంగారెడ్డి నడుమ ఉంది. కిటికీ తీస్తే మందుల కంపెనీల వాసన, రోడ్డెక్కితే కంపెనీ బస్సులు. సెలవులొస్తే మనోళ్ళు చాలామంది పాశమైలారం, బొల్లారం వైపు పనికి పోతరు. అక్కడి నుంచే ఒక ముచ్చట రూముల్లోకి వచ్చింది. మందుల స్టడీకి పోతే రెండు మూడు రోజులు పెట్టుకుని, మందు మింగించి, రక్తం తీసి పైసలిస్తరంట. దీని మీద మాలో రెండు జట్లయినయి. ఒకళ్ళు పోదాం, కోచింగ్ ఫీజు తీరుతది అంటరు. ఇంకొకళ్ళు మనమేమన్నా ఎలుకలమా, రక్తం తీసేటోళ్ళను తండా పొలిమేర దాటనియ్యొద్దు అంటరు. మాకైతే రెండూ సగం మాటలే అనిపిస్తయి.

రెండో జట్టు కోపానికి కారణం లేకపోలేదు. ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందో హాస్టల్ పిల్లలందరికీ తెలిసి ఉండాలి. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. దాదాపు 14 వేల మంది పిల్లలు. అందులో మనలాగా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్ళు చాలామంది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇట్లనే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయిన తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుల మందు లాంటి కారణాలు ఉన్నాయి. టీకా కూడా పనికొచ్చే టీకానే, ఈ మాట మేము దాచం.

అసలు తప్పు కాగితాల్లో ఉంది. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్న బతికే ఉన్నారు, ఊర్లోనే ఉన్నారు. వాళ్ళను అడగడానికి ఒక బస్సు టికెట్ ఖర్చయ్యేది, అంతే. పిల్లల్ని అడగడానికి అది కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి జట్టుకు. ఆ తర్వాత రూల్స్ మారినయి, 2019లో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చినయి. అంగీకార పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మన చేతికి ఇవ్వాలి. చదువు రానివాళ్ళైతే కంపెనీకి సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండాలి. దెబ్బ తగిలితే ఉచిత వైద్యం చెయ్యాలి, ట్రయల్ వల్లే అయితే పరిహారం కూడా. ఎప్పుడంటే అప్పుడు మానేసి రావచ్చు, కారణం చెప్పాల్సిన పని లేదు. ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నంబర్ ఉంటది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఆ నంబర్ అడిగితే కోపం తెచ్చుకునే ఏజెంట్‌తో పోవద్దు. పైసల కోసం ఒక చోట పాల్గొన్నది దాచి ఇంకో చోటికి పోవుడు మాత్రం పెద్ద ప్రమాదం. మొదటి మందు ఒంట్లో ఉండగానే రెండోది పడతది, డాక్టర్‌కు తెలియదు.

మరి పరిశోధనే వద్దంటే? మనముండే నేలనే చూడండి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయని అచ్చులో చూపించారు. జ్వరానికి డాక్టర్ రాసిచ్చే గోలీ అది, వాగులో పారుతున్నది. అంతకు ఎంతో ముందు నుంచే డాక్టర్ కిషన్ రావు ఇక్కడి రోగుల్ని చూస్తూ కాలుష్యం గురించి కొట్లాడారు. ఎవరో ఒకరు కొలిచి రాయకపోతే "నీళ్ళు వాసనొస్తున్నయి" అనే మన మాట ఫిర్యాదు దగ్గరే ఆగిపోతుండె. సికిల్ సెల్ సంగతి అంతే. మన దేశంలో దాన్ని 1952లో నీలగిరి ఆదివాసుల్లో మొదట గుర్తించారు. జాతీయ మిషన్ వచ్చింది 2023 జులైలో. 71 ఏళ్లు! మన జబ్బుల మీద జరిగిన పరిశోధన ఎక్కువై కాదు, తక్కువై ఈ గతి.

కాబట్టి తండాలో, గూడెంలో చెప్పాల్సింది మనమే. మొదట ఒకటే ముక్క చెప్పాలి: రక్తం తీసిన ప్రతిసారీ అది వైద్యం కాదు. పీహెచ్‌సీలో తీస్తే మన జబ్బు తెలుసుకోవడానికి. పరిశోధనలో తీస్తే అందరి గురించి తెలుసుకోవడానికి, అందులో మనకు మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. మన ముసలోళ్లకు ఈ తేడా ఎవ్వరూ చెప్పలే. "సర్కారు డాక్టర్ వచ్చిండు, చెయ్యి చాపు" అంతే. రెండోది నాయక్ గురించి. నాయక్‌ను, పటేల్‌ను అడిగి ఊర్లోకి రావడం మర్యాద, అది ఉండాల్సిందే. కానీ నాయక్ సరే అంటే తండా మొత్తం సరే అన్నట్టు కాదు. కోడలి రక్తానికి కోడలే ఒప్పుకోవాలి, అత్త కాదు. ఇది చెప్తే ఇంట్లో గొడవైతదని తెలుసు, అయినా చెప్పాలె.

తెలుగు కాగితం చదివి వినిపిస్తే పని కాదు. గోర్ బోలిలో, కోయలో, గోండిలో మాట్లాడాలి. మేము అనుకుంటున్నది చిన్న ఆట: మనలో ఒకరు డాక్టర్ వేషం, ఒకరు ఏజెంట్, ఒకరు యాడి. యాడి అడగాలి: నా రక్తం ఎక్కడికి పోతది? నాకేమన్నా అయితే ఎవరు చూస్తరు? వద్దంటే నా రేషన్, పింఛన్ ఆగుతదా? ఫలితం వచ్చినంక మళ్ళా వచ్చి చెప్తరా? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. మన ఊర్లకొచ్చి రాసుకుని పోయినోళ్ళల్ల తిరిగొచ్చి చెప్పినోళ్ళు ఎంతమంది? ఇంకోటి, ట్రయల్స్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీల్లో ఏడుగురికి తక్కువ కాకుండా ఉండాలి, అందులో ఒకరు సామాన్యుడై ఉండాలని రూలు. మన సీనియర్లు డిగ్రీలు చేసి ఖాళీగా ఉన్నారు కదా, ఆ కుర్చీ ఎందుకు అడగొద్దు?

దసరా సెలవులకు నారాయణఖేడ్, కంగ్టి, జహీరాబాద్ వైపు పోయేటోళ్ళు ముందే పేర్లు చెప్పండి. ప్రతి జట్టులో ఇద్దరు ఆడపిల్లలన్నా ఉండాలి, లేకపోతే తండాలో ఆడవాళ్ళు గడప దాటి వచ్చి కూర్చోరు. కోయ, గోండి వచ్చినోళ్ళు ఆ ప్రశ్నల్ని మీ భాషలో ఫోన్‌లో రికార్డ్ చేసి పంపండి.