శాలువాలు ఎవరికి?

సంక్రాంతికి ముందూ వెనకా నెల రోజులు విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం కాలేజీల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాల సందడి. అమెరికా నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు, హైదరాబాద్ నుంచి కార్లలో దిగినవాళ్ళు, పాత మాస్టార్లకు పాదాభివందనాలు, మధ్యాహ్నం విందు, ఆ తర్వాత వృత్తిలో పేరు తెచ్చుకున్నవాళ్ళకీ, సమాజసేవ చేసినవాళ్ళకీ సన్మానం. శాలువా, జ్ఞాపిక, సన్మానపత్రం. చదువు చెప్పిన చోటుకి తిరిగొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఈసారి వెళ్ళినప్పుడు వేదిక మీద కూర్చున్న ఆడవాళ్ళు ఎందరో లెక్కపెట్టండి. జ్యోతి వెలిగించేటప్పుడు పళ్ళెం పట్టుకుని నిలబడ్డ విద్యార్థినుల్ని వదిలేసి లెక్కపెట్టండి.

అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఆ రోజుల్లో ఆడపిల్లలు చదువుకోలేదు కదా! కొంతవరకూ నిజమే. విజయవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీ 1937లో వచ్చింది. అక్కడ విశ్వనాథ సత్యనారాయణ తెలుగు మాస్టారు, ఎన్.టి. రామారావు విద్యార్థి. రాచమల్లుని దౌత్యం నాటకంలో నాగమ్మ వేషం వెయ్యమంటే రామారావు మీసం తియ్యనన్నాడనీ, అందుకే ‘మీసాల నాగమ్మ’ అన్న పేరొచ్చిందనీ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నాగమ్మ వేషానికి కూడా ఒక అబ్బాయినే బతిమాలుకోవలసిన కాలం అదన్న సంగతి ఆ నవ్వుల్లో పోతుంది. గుడివాడ కాలేజీకి పేరిచ్చిన అక్కినేని నాగేశ్వరరావు కాలేజీలో చదివినవాడు కాదు, నాటకాల్లో ఆడవేషాలతో గుర్తింపు తెచ్చుకున్నవాడు. ఆంధ్ర లయోలా 1953లో మగపిల్లల కోసం మొదలైంది. 1962లో ఆడపిల్లల కోసం మేరిస్ స్టెల్లా వచ్చింది. అప్పటినుంచీ ఆరు దశాబ్దాలు దాటాయి. మొదటి బ్యాచీల అమ్మాయిలు ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు. ‘చదువుకోలేదు’ అనే జవాబుకి కాలం ఎప్పుడో చెల్లింది. చదువుకున్నవాళ్ళు ఎక్కడికి పోయారన్నదే ప్రశ్న.

ఇలాంటి ఒక ఎంపిక సంఘంలో ఆమధ్య నన్నూ కూర్చోబెట్టారు. కాలేజీ పేరు అనవసరం. ఫారంలో ప్రస్తుత హోదా, సంస్థ, అందుకున్న అవార్డులు, కాలేజీకి ఇచ్చిన విరాళం అడిగారు. సమాజసేవ అన్న గడి కూడా ఉంది, పక్కనే ‘పత్రికా కత్తిరింపులు జతచేయాలి’ అని ఉంది. నేనొకామె పేరు ప్రతిపాదించాను. తన్నులు తిన్న ఆడవాళ్ళని వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కీ, ప్రభుత్వాసుపత్రికీ, కోర్టుకీ ఏళ్ళ తరబడి తిరుగుతున్న మనిషి. అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొడితే తీసే ఇల్లు ఆమెది. ఆమెకు హోదా లేదు, కత్తిరింపులు లేవు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి బయటపడింది. డిగ్రీ రెండో సంవత్సరంలో పెళ్ళి చేశారు, మూడో సంవత్సరం పరీక్షలు రాయలేదు. సంఘం నిబంధన ప్రకారం కోర్సు పూర్తిచేసినవాళ్ళే పూర్వ విద్యార్థులు. ‘ఆవిడంటే మాకూ గౌరవమే మేడమ్, కానీ మన స్టూడెంట్ కింద రాదు కదండీ’ అన్నారు అధ్యక్షులు. మర్యాదగానే అన్నారు. రెండేళ్ళు ఫీజు కట్టించుకున్నప్పుడు మాత్రం ఆమె వాళ్ళ స్టూడెంటే.

పరీక్షలు రాసి పాసైనవాళ్ళ సంగతీ అంత మెరుగ్గా లేదు. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఆహ్వానం పుట్టింటి చిరునామాకి పోతుంది, అక్కడ తండ్రి పోయి ఇల్లు అమ్మేసి ఉంటారు. ఉత్తరం తిరిగొస్తుంది. ఎవరి ఇంటిపేరూ చిరునామా మారకుండా ఉంటాయో వాళ్ళే దొరుకుతారు, దొరికినవాళ్ళకే శాలువా.

‘కెరీర్’ అనే మాటని మనం ఇంకొంచెం తవ్వాలి. మన డెల్టాలో ఒక మగవాడి కెరీర్‌కి పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది? కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయి, కాలవల కింద వరి పండి, ఆ మిగులు సినిమా హాళ్ళలోకీ, రైసు మిల్లుల్లోకీ, కాలేజీల్లోకీ, చివరికి అమెరికా చదువుల్లోకీ ప్రవహించింది. కోస్తా రైతులు పెట్టుబడిదారులుగా మారిన తీరు గురించి కెరోల్ ఉపాధ్య 1988లో రాసింది, ఇక్కడి కట్నం గురించీ స్త్రీల ఆస్తి గురించీ 1990లో రాసింది. సమాజశాస్త్రం చదివినవాళ్ళే కాదు, మన కార్యకర్తలందరూ వాటిని చదవాలని నా కోరిక. కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరాలు ఎవరి విమాన టికెట్‌గా, ఎవరి నర్సింగ్‌హోమ్ పునాదిగా మారాయో ఇక్కడ ప్రతి ఊరికీ తెలుసు. కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళని పక్కన పెట్టింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. కట్నం రేటు మాత్రం అబ్బాయి డిగ్రీని బట్టి పెరుగుతూనే వచ్చింది. అంటే ఆ డిగ్రీకి మొదటి సన్మానం పెళ్ళిచూపుల్లోనే జరిగిపోయింది. ఆ పెట్టుబడి పెట్టిన మనిషి సభలో రెండో వరసలో కూర్చుంటుంది. ‘సతీసమేతంగా’ ఫోటో తీసేటప్పుడు పైకి పిలుస్తారు.

సమాజసేవ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. భండారు అచ్చమాంబ 1874లో ఆనాటి కృష్ణా జిల్లాలో, నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టింది. కాలేజీ కాదు, బడి కూడా ఆమెకు దక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె దగ్గరే ఉండి నాగపూర్‌లో చదువుకున్నాడు. తమ్ముడి పక్కన కూర్చుని అక్క చదువు నేర్చుకుంది. పిల్లలు చనిపోయిన దుఃఖంలోనే దేశమంతటా స్త్రీల జీవితాలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905లో, ముప్పై ఏళ్ళకే చనిపోయింది. ఆ తమ్ముడి కూతురు కొమర్రాజు అచ్చమాంబ. మేనత్త పేరే ఆమెదీ. మేనత్తకు మూసేసిన తలుపు ఆమెకు తెరుచుకుంది. డాక్టరై విజయవాడలో వైద్యం చేసింది, మహిళా ఉద్యమంలో పనిచేసింది, ‘ప్రసూతి - శిశుపోషణ’ పుస్తకం రాసింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. ఈ ఇద్దరిలో మేనకోడలిని ఏ పూర్వ విద్యార్థుల సంఘమైనా సంతోషంగా వేదిక ఎక్కిస్తుంది. మేనత్త ఫారం మొదటి గడి దగ్గరే ఆగిపోతుంది. ఆ మేనత్త లేకపోతే లక్ష్మణరావు చదువు ఎలా సాగేదో నాకు తెలీదు.

కోర్సు పూర్తిచెయ్యనివాళ్ళలో పెళ్ళి చేసేసినవాళ్ళే కాదు, చంపబడినవాళ్ళూ ఉన్నారు. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని ప్రేమించలేదని తరగతి గదిలోనే నరికి చంపాడొకడు. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. ఆ కేసులో కింది కోర్టు 2010లో శిక్ష వేసిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషి అంది. వాళ్ళతో కలిసి చదివినవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, రేపో మాపో సన్మానాలు అందుకునే వయసుకొస్తారు. పూర్వ విద్యార్థుల విరాళాలతో ఆడిటోరియంలు కట్టిస్తున్నారు, ఆర్చీలు కట్టిస్తున్నారు. హాస్టల్ గేటు దగ్గర వీధి దీపం వెలుగుతోందా అని అడిగే సంఘం నాకు ఇంతవరకూ తారసపడలేదు. 2013 చట్టం ప్రకారం ప్రతి కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో స్త్రీల కోసం పనిచేసే బయటి సభ్యురాలు కూడా ఉండాలి. యు.జి.సి. 2015 నిబంధనలూ ఇదే చెబుతాయి. ఆ బయటి సభ్యురాలిగా వెళ్ళగల మనుషులు మన సంఘాల్లో ఉన్నారు. పిలిచేవాళ్ళు కావాలి. సన్మానం అందుకునేవారు మైకు పట్టుకున్నప్పుడు ఈ ఒక్క ప్రశ్న ప్రిన్సిపాల్‌ని అడిగితే, ఆ శాలువాకి కొంచెం బరువొస్తుంది.

ఈ జిల్లాల్లో పనిచేస్తున్న మన మిత్రులకు ఒక పని. మీ ఎరుకలో ఉన్న స్త్రీల గురించి మాకు రాయండి. వాళ్ళ అనుమతి తీసుకునే రాయండి. పెళ్ళికి ముందు ఇంటిపేరు, ఏ కాలేజీలో ఏ సంవత్సరం చేరింది, పూర్తిచేసిందా, మానేస్తే ఎందుకు మానేసింది, ఆ తర్వాత ఊళ్ళో ఏం పని చేసింది, ఇవి చాలు. కత్తిరింపులు అక్కర్లేదు. వచ్చిన పేర్లని కాలేజీల వారీగా విడదీసి, కోర్సు పూర్తిచేయాలన్న నిబంధన మార్చమని కోరే ఉత్తరంతో సహా, వచ్చే సంక్రాంతి సమ్మేళనాలకి ముందే ఆయా సంఘాలకి పంపుతాం.