పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కీమో.. డాక్టర్లు వెంటనే ఎందుకు మొదలుపెట్టరు? ఆ నాలుగు వారాల్లో లోపల ఏం జరుగుతుంది?

పెద్దపేగులో గడ్డ తీసేశారు. ఆపరేషన్ సక్సెస్ అన్నారు. పేషెంట్ ఇంటికొచ్చి వారం కూడా కాకముందే ఇంట్లోవాళ్లది ఒకటే ప్రశ్న.. కీమో ఎప్పుడు? డాక్టరేమో ఇంకొన్ని వారాలు ఆగమంటారు. ఈలోపు క్యాన్సర్ మళ్లీ పెరిగిపోతుందేమోనని భయం. కానీ ఆ ఆగడం వెనుక పెద్ద లెక్కే ఉంది.

ఫుట్‌బాల్ దిగ్గజం పీలే చికిత్స కూడా ఇదే వరుసలో సాగింది. 2021 సెప్టెంబర్ 4న సావో పాలోలో ఆయన పెద్దపేగు నుంచి కణితిని తొలగించారు. ఆ నెలాఖరుకు డిశ్చార్జ్ అయ్యారు. కీమో ఆ తర్వాతే.

అసలు గాయం లోపల ఉంది

పొట్ట మీద కుట్లు ఆరిపోతే అంతా మానిపోయినట్టే అనుకుంటారు చాలామంది. అసలు టెన్షన్ లోపలి అతుకు గురించే. గడ్డ ఉన్న పేగు ముక్కను కోసేసి, మిగిలిన రెండు చివర్లను కలిపి కుడతారు, లేదంటే స్టేప్లర్‌తో బిగిస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు దాన్ని పట్టి ఉంచేది దాదాపుగా ఆ దారం, పిన్నులే. అప్పటికి అక్కడున్న పాత కొలాజెన్ కరిగిపోతూ ఉంటుంది, కొత్తది ఇంకా తయారుకాదు. ఆ తర్వాత ఫైబ్రోబ్లాస్ట్ కణాలు వేగంగా పెరిగి కొత్త కొలాజెన్‌ను అల్లుతాయి. అతుక్కి బలం వచ్చేది అప్పుడే.

చిక్కంతా ఇక్కడే. ఫైవ్-ఎఫ్‌యూ, కాపెసిటబిన్ లాంటి కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల మీద దెబ్బకొడతాయి. అది క్యాన్సర్ కణమా, గాయాన్ని మాన్పే కణమా అని చూడవు. పైగా చాలా కీమో మందులతో డోసు పడిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అతుకు పచ్చిగా ఉన్నప్పుడు ఇదంతా జరిగితే లీకయ్యే ముప్పు, ఇన్ఫెక్షన్ ముప్పు రెండూ పెరుగుతాయి. లీకైతే మలం పొట్టలోకి చేరుతుంది, మళ్లీ ఆపరేషన్, ఐసీయూ. కీమో ఇంకా వెనక్కి పోతుంది. తొందరపడి సాధించేది ఏమీ ఉండదన్నమాట.

బెవాసిజుమాబ్ అనే మందు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. క్యాన్సర్ వేరే అవయవాలకు పాకినవారికి కీమోతో కలిపి ఇస్తారు. అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. కణితికి కొత్త రక్తనాళాలు పుట్టకుండా అడ్డుకోవడమే దీని పని. గాయం మానాలన్నా కొత్త రక్తనాళాలే కావాలి కదా! ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు 20 రోజులు పడుతుంది. అందుకే ముందుగా ప్లాన్ చేసిన ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందు ఆపేయాలి. ఆపరేషన్ తర్వాత కూడా కనీసం 28 రోజులు గడిచి, గాయం పూర్తిగా మానాకే మళ్లీ ఇవ్వాలి.

మరీ ఆలస్యమైతే?

అదీ ప్రమాదమే. 15 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో 2011లో వచ్చిన ఓ విశ్లేషణలో, కీమో మొదలుపెట్టడం ప్రతి 4 వారాలు ఆలస్యమైతే మరణ ముప్పు సుమారు 14 శాతం పెరిగినట్టు తేలింది. అందుకే సాధారణంగా 4 నుంచి 8 వారాల మధ్య మొదలుపెడతారు.

ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తే కుట్లు మానవేమో అన్న అనుమానమూ ఉండేది. 2023లో వెలువడిన ఫాక్స్‌ట్రాట్ ట్రయల్‌లో 1,053 మంది పాల్గొన్నారు. ముందు 6 వారాల కీమో తీసుకున్నవారిలో ఆపరేషన్ సమస్యలు పెరగలేదు. కాబట్టి కీమో పేరు వినగానే కంగారు అక్కర్లేదు, టైమింగే కీలకం.

ఇక మన ఇళ్లలో పత్యం సంగతి. పప్పు తింటే చీము పడుతుందంటూ కారంపొడి మెతుకులతో వారాలు నెట్టిస్తారు. ఇది ఉత్త అపోహ. కొలాజెన్ తయారయ్యేది ప్రొటీన్‌తోనే. ఏ రోజు నుంచి ఏం తినాలో సర్జన్ చెబుతారు. ఆయన సరేనన్నాక పప్పు, గుడ్డు, పెరుగు, చేప మానేస్తే గాయం మానడమే ఆలస్యమవుతుంది. షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ మానకపోయినా అంతే.

కీమో మొదలయ్యాక జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, పొట్ట ఉబ్బి నొప్పి పెరిగినా, కుట్ల దగ్గర తడి, చీము కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. చివరి కీమో డోసు ఏ తేదీన పడిందో డ్యూటీ డాక్టర్‌కు ముందే చెప్పాలి.