పగ్గము లేని చల్లదనము

రెజైనావాసులకు చలిని గూర్చి ఒకరు చెప్పవలసినది లేదు. 1885 జనవరి 1వ తేదీన ఇచ్చట ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీలకు దిగినది. నేటికిని శీతకాలపు రాత్రులయందు ఇంజను బిగిసిపోకుండుటకై కారునకు కరెంటు తీగె తగిలించి పడుకొనుచున్నాము. అట్టి ఊర చల్లబఱచు పరికరమును గూర్చి వ్రాయుట విడ్డూరముగ దోచవచ్చును గాని, జూలై ఎండకు పెరుగు పులిసిపోవుటయు, జనవరిలో పాలు తోడుకొనకుండుటయు నెఱిగిన తెలుగింటికి దానితో రెండు ఋతువులందును పని కలదు.

గడియారముల పని మాని శాస్త్రమునకు దిగిన ఫ్రెంచి దేశీయుడు పెల్టియే, భిన్నలోహముల సంధిగుండ విద్యుత్తు పాఱునపుడు అచ్చట వేడి పుట్టుటయో హరించుటయో జరుగునని 1834లో కనుగొనెను. నాలుగేండ్ల పిమ్మట లెంజ్, బిస్మతు ఆంటిమొనీల సంధిపై నీటిబొట్టును గడ్డకట్టించి, విద్యుత్తు దిశను మార్చి దానినే కరగించెను. ఇట్టి సంధులు గల పలకను అమర్చి, వేసవిలో చల్లబఱచుటకును చలికాలమున వెచ్చబఱచుటకును నేను వాడు పెరుగుపెట్టెకు ఆ బొట్టే మూలపురుషుడు.

నిరుడు వేసవిలో ఒకనాటి సాయంకాలము ఆ పెట్టె నన్ను బోల్తాకొట్టించినది. "ఇంకను చల్లబడలేదు, కావున ఇంకను కరెంటు" అను ఏకసూత్రముతో నేను వ్రాసిన కంట్రోలరు ఆంపియర్లను పెంచుచుండ, లోపలి థర్మామీటరు 9 నుండి 11కు, 11 నుండి 14కు ఎక్కెను. వెలుపలి అల్యూమినియము రెక్కలను తాకిన వ్రేలు చుఱుక్కుమనెను. గిన్నెలో పెరుగు విఱిగి నీరు తేలెను.

కారణము సులభమే. పలక లాగివేయు వేడి కరెంటును బట్టి పెరుగును. పలకలోనే పుట్టు వేడి కరెంటు వర్గమును బట్టి పెరుగును. ఇరుముఖములు సమోష్ణముగ నున్నపుడు, గరిష్ఠ కరెంటులో సగమునకే చల్లబఱచు శక్తిలో ముప్పాతిక వంతు లభించును, వ్యయమగు విద్యుత్తు మాత్రము పావువంతే. శిఖరము దాటిన పిదప కరెంటు హెచ్చినకొలది చల్లదనము తగ్గును. అది యెఱుగని కంట్రోలరు మఱింత పెంచును, పెట్టె మఱింత వేడెక్కును. తయారీదారు పట్టికలోని గరిష్ఠము వేడిముఖమును స్థిరముగ నుంచి లెక్కించినది. మన వంటింటి ఫ్యానుతో ఆ శిఖరము ముందుగనే వచ్చును. కాబట్టి పట్టికలోని అంకెను యథాతథముగ నెక్కించువారితో నేను ఏకీభవింపను.

పరిమితి విధించినంత మాత్రమున చాలదు. తీఱని లోటును బాకీవలె కూడబెట్టు కంట్రోలరు, పగ్గము తగిలినపుడు ఆ పద్దును సైతము ఆపవలెను. లేనిచో చల్లబడిన పిదపను పాతబాకీ వసూలు చేయుచు పెరుగును గడ్డకట్టించును. మఱియొకటి: వెచ్చబఱచు దిశలో పలకలోపలి వేడియు మనకే తోడగును గనుక శిఖరమను మాటయే లేదు, అచ్చట భయమంతయు టంకము కరగుటను గూర్చియే. ఒకే అంకెను ఇరువైపులకును విధించుట బద్ధకము. ఇట్టి పెట్టెలు అమ్మువారు "అధిక చల్లదనము" అను మీటను మాని, లోపలనే రెండు పరిమితులను బిగించి, వానిని మూతపై ముద్రింపవలెనని నా వాదము.

నా పెట్టెకు ఇపుడు చల్లబఱచుటకు 3 ఆంపియర్లు, వెచ్చబఱచుటకు ఒకటిన్నర. ఆఱు ఆంపియర్ల పలక అది.