పాత ఖాతా పుస్తకాలు: ఏది ఉంచాలి, ఏది కాల్చాలి?

గూడెం కొత్తవీధి ప్రాంతంలో కాఫీ గింజలు, మిరియాలు కొనే ఒక వర్తకుడు మరణించగా, ఆయన కుమారులు మా వద్దకు వచ్చారు. దుకాణంలో బస్తాలకొద్దీ పాత కాగితాలున్నాయి. అన్నింటినీ తగులబెట్టవచ్చునా అని వారి ప్రశ్న.

తొందరపడవద్దన్నాము. మొదట చూడవలసినవి హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాసుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. కొండమీది రైతు సంతకు గింజలు తెచ్చి, కొంత పైకం పుచ్చుకొని, మిగిలినది తరువాత ఇస్తామన్న మాటను నమ్మి వెళతాడు. అతని చేతిలో రశీదు ఉండదు. మన ఖాతా పుస్తకమే అతనికి సాక్షి. మూడేండ్లు దాటిన బాకీకి సాధారణంగా 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం దావా చెల్లదు. అల్లాహ్ న్యాయస్థానంలో అటువంటి గడువు లేదు. షహీదుకు సైతం అప్పు తప్ప తక్కిన పాపాలే క్షమించబడతాయని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఆస్తి పంపకానికి ముందే అప్పు తీర్చాలన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ.

రెండవది ప్రభుత్వ నియమం. జి.ఎస్.టి. లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలలు భద్రపరచాలి. విచారణ సాగుతుంటే ఇంకా ఎక్కువ కాలం.

మూడవది ఇతరుల రహస్యం. ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు అమానతులు. పని తీరాక వాటిని ఉంచుకోరాదు. పాత కాగితాలవానికి అమ్మితే, రేపు సంతలో బజ్జీల పొట్లాలై ఎవరి చేత పడతాయో! తీరిన ప్రామిసరీ నోటును బాకీదారునికే తిరిగి ఇవ్వాలి. వేలిముద్ర వేయించుకున్న ఖాళీ కాగితమైతే, అసలు తీసుకొనడమే అన్యాయం. అతని ఎదుటనే చించివేయాలి.

నాశనం చేసేటప్పుడు సన్నగా చించి, నీట నానబెట్టి గుజ్జు చేయాలి, లేదా బూడిదయ్యేదాకా కాల్చాలి. పుటల పైన బిస్మిల్లాహ్ ఉన్నదే అని కొందరి సంకోచం. ప్రామాణిక ప్రతులు సిద్ధమైన పిదప హజ్రత్ ఉస్మాన్ (రజి) తక్కిన వ్రాతప్రతులను కాల్పించారు. గౌరవంతో చేసినది అవమానం కాదు. శుభ్రమైన చోట పూడ్చడం మేలని హనఫీ పండితుల అభిప్రాయం.

కుమారులు పుస్తకాలు తిరగవేశారు. తండ్రి చెల్లించవలసిన బాకీలు కనిపించాయి. ఇప్పుడు ప్రతి సంతనాడు ఒక్కొక్కరినీ వెదకి చెల్లిస్తున్నారు. రైతు లేకుంటే అతని వారసులకు. ఎంత వెదకినా ఎవరూ దొరకకుంటే అతని పేరున పేదలకు ఇమ్మన్నాము. చివరి పద్దు తీరి, పన్ను గడువు కూడా ముగిసిన నాడు ఆ పుస్తకాన్ని నిశ్చింతగా కాల్చవచ్చును.

మన దుకాణాల్లోని బస్తాలను కూడా ఒకసారి విప్పి చూసుకుందాం. మన తరువాత మన పిల్లలు చదవవలసిన పద్దులను మనమే తీర్చిపోవడం ఉత్తమం.