వీడియో తరగతి, చిట్టా పుస్తకము

గత ఉగాది ఉత్సవమును చిత్రించుటకు మా బరంపురము సంఘ కార్యవర్గము ఒక వీడియోగ్రాఫరును కుదిర్చి, ఆకాశమునుండి తీయు డ్రోనుతో సహా రప్పించి, సంఘనిధినుండి గణనీయమైన సొమ్ము వెచ్చించినది. ఆ వీడియో మూడు గంటలున్నది. దానిని మొదటినుండి చివరివరకు చూచిన సభ్యుడు ఒక్కడైనను నాకింతవరకు తారసపడలేదు. ఆ ఖర్చునకు సంతకము పెట్టిన నేనును చూడలేదు. అదే సంవత్సరమున ఆదివారపు తెలుగు తరగతి పిల్లలు ఇంటి ఫోనుతో తీసిన ఆరు నిమిషముల అప్పడముల వీడియోను మాత్రము సభామందిరమున ఒకే సాయంకాలము మూడుమారులు వేయవలసి వచ్చినది. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ పద్దు మరల చర్చకు వచ్చుచున్నది గనుక, నా అభిప్రాయమును ముందుగానే పాఠకుల యెదుట నుంచుచున్నాను.

మా ఊరి సంగతి ఇతర రాష్ట్రముల పాఠకులకు కొంత చెప్పవలెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు బరంపురము మదరాసు ప్రెసిడెన్సీలోని గంజాము జిల్లాకు చెందియుండెను. నాటినుండి నేటికి మూడు నాలుగు తరములు గడచినవి. మా పిల్లలు ఇంట తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఒడియా గాని ఇంగ్లీషు గాని వాడుదురు. తెలుగు చెవికి వచ్చును, నోటికి వచ్చును, చేతికి రాదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. దానిని గూర్చి మనము పెట్టిన అర్జీలకు లెక్కలేదు. ఇక ముందును పెట్టుదము. కాని అర్జీ పెట్టినవాని కొడుకు ఈలోపున పెద్దవాడగుచున్నాడు. ఆదివారపు రెండు గంటలలో గుణింతములు దిద్దించుటకు మేము పడని పాట్లు లేవు. వేసవిలో పదిమంది చేరిన తరగతిలో దసరానాటికి నలుగురు మిగులుదురు. హోసూరు, షోలాపురము మిత్రులు కూడ ఇట్టి అనుభవమునే చెప్పుదురని నమ్ముచున్నాను.

అందుచేత గదా పిల్లలచేత వీడియోలు తీయించి చూతమను ఆలోచన వచ్చినది. ఆలోచన నాది కాదు, తరగతి నడుపు ఉపాధ్యాయురాలిది. నేను మొదట ఒప్పుకొనలేదు కూడ. ఫోనే పిల్లలను చెరచుచుండగా దానినే తరగతిలోనికి తెచ్చుటయా అని పలువురు తల్లిదండ్రులు నన్ను అంగడిలోనే నిలదీసిరి. న్యాయమైన ప్రశ్నయే. నేనును తండ్రినే. అయితే చూచుట వేరు, తీయుట వేరు. హోటలులో తినువాడు పులుసులో ఉప్పు తక్కువైనదని మాత్రము చెప్పగలడు. ఎప్పుడు వేయవలసిన ఉప్పు ఎందుచేత తప్పినదో వండినవానికి తెలియును. ఇప్పుడు మా పిల్లలలో ఒకడు టెలివిజనులో ప్రకటన వచ్చినపుడు, "ఇక్కడ కోసి అతికించేరు, ఆవిడ నిజంగా తాగలేదు" అని ఇంటిల్లిపాదికి చూపుచున్నాడు. ఆ పిల్లవానికి ఆ ప్రకటనపై మునుపటి మోజు లేదు.

అప్పడముల సంగతికి వచ్చెదను. అప్పడములకును ఊరగాయలకును మా ఊరు పేరుపడినదని మీరెరుగుదురు. నలుగురు పిల్లలు, ఇంట అప్పడములు చేసి అమ్ముకొను ఒక మామ్మగారి వద్దకు పోయి మొదటి వారము తీసికొని వచ్చిన వీడియో చూడవలసినదే. ఫోను నిలువుగా పట్టుకొనిరి. మామ్మగారి వెనుక కిటికీ ఉండుటచే ఆమె ముఖము నల్లగా పడినది. పైన పంకా తిరుగుచుండుటచే మాటలన్నియు గాలిపాలైనవి. ఏ దృశ్యమును అయిదు క్షణములు కుదురుగా నిలువలేదు. ఆ లోపములన్నింటిపై ఒక సినిమా పాట కప్పిరి. పిండిలో పెట్టిన చేతులు ఎక్కడను లేవు. పిల్లలకు మాత్రము అది ఎంతో ముచ్చటగా నున్నది!

ఉపాధ్యాయురాలు కోప్పడలేదు. పాటను తీసివేసి అదే వీడియోను మరల వేసినది. గది నిశ్శబ్దమైనది. "ఇది చూచి ఎవరైనా అప్పడము చేయగలరా?" అని ఒక్కమాట అడిగినది. కొంతసేపటికి ఒక బాలిక, "మామ్మగారు ఉన్నారని తెలుస్తుంది, ఏం చేస్తున్నారో తెలియదు" అన్నది. ఆ మాటను ఆమె బాలికచేతనే నోటుపుస్తకమున వ్రాయించినది. నా దృష్టిలో చదువు అక్కడ ప్రారంభమైనది.

రెండవ వారము పంకా ఆపిరి. మామ్మగారి పీటను కిటికీకి ప్రక్కగా వేయించిరి. ఫోనును అడ్డముగా స్టాండుమీద నిలిపి, ప్రతి దృశ్యమును పది లెక్కపెట్టువరకు కదల్చలేదు. చిన్న మైకు నొకదానిని ఆమె పైటకు తగిలించిరి. అప్పుడు వినబడినది రోకటి చప్పుడు! మొదటి వారము సినిమాపాట క్రింద పడి చచ్చినది ఆ చప్పుడే.

ఇక అక్షరముల సంగతి. దృశ్యము క్రింద వేయు మాట తెలుగు లిపిలోనే యుండవలెను, దానిని ముందుగా కాగితముపై స్వహస్తముతో వ్రాయవలెను, అని తరగతి నియమము. పిల్లలు తిరగలి దృశ్యము క్రింద "మినప్పప్పు కొట్టుట" అని వ్రాసిరి. రోలు దృశ్యము క్రింద "పిండి కొట్టుట" అని వ్రాసిరి. కారమునకు మిరియములు నూరు దృశ్యము క్రిందను కొట్టుటయే. సభామందిరమున ముందువరుసలో కూర్చున్న మామ్మగారు అది చదివించుకొని, "నేనెవర్ని కొట్టేనమ్మా?" అన్నారు. నవ్వులు తగ్గిన తరువాత ఆమెయే చెప్పినారు: తిరగలిలో విసరుదురు, రోట రోకలితో దంచుదురు, రుబ్బురోట పొత్రముతో రుబ్బుదురు, సన్నికల్లుపై నూరుదురు, అప్పడము నొత్తుదురు. అయిదు పనులకు అయిదు మాటలు. మా పిల్లలకు మిగిలినది ఒక్కటి. మిక్సీ మీట నొక్కు ఇంటిలో పుట్టిన పిల్లలు రోకటిని ఎక్కడ చూతురు? తప్పు వారిది కాదు. మరుసటి ఆదివారము, గుణింతములు పూర్తిగా రాని ఒక బాలిక ఆ అయిదు మాటలను ఎవరును చెప్పకుండ దిద్ది తెచ్చినది. వీడియో చివర తన పేరు పడును గదా, తప్పు పడరాదని ఆమె పట్టుదల.

ఈ పద్ధతిలో కెమెరా కంటె నోటుపుస్తకము ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయము. అంగడి కట్టిన తరువాత చిట్టా వ్రాయని వర్తకునికి ఆనాటి అమ్మక మెంతయైనను, లాభమో నష్టమో తెలియదు. ఏమి తీయదలచితిమి, ఏమి తీసితిమి, మరల తీసిన ఏమి మార్చెదము అని వ్రాసికొనని పిల్లవాడు పది వీడియోలు తీసినను మొదటిదానినే పదిమార్లు తీసినవాడగును. అయితే చిట్టాలోను దొంగచిట్టా గలదు. మొదటి నెలలో నేను చూచిన పుస్తకములలో సగము "చాలా బాగుంది, ఎన్నో విషయాలు నేర్చుకున్నాము" అనియే యుండెను. పరీక్షలకు అలవాటుపడిన చేతులు అంతకంటె ఏమి వ్రాయును? అందుచేత ఉపాధ్యాయురాలు ప్రశ్న మార్చినది. "ఏమి నేర్చుకొంటిరి" అని అడుగుట మాని, "రెండవ నిమిషమున ఎందుకు కోసితివి? అక్కడ మామ్మగారు ఏమనుచుండిరి?" అని అడిగినది. అట్టి ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు దొరకదు. వీడియోను మరల తెరచి చూడవలసినదే.

ఒక బాలుని పుస్తకమున నన్ను గూర్చియు వ్రాత గలదు. వీడియో ప్రారంభమున కార్యవర్గసభ్యుల చిత్రములు వేయవలెనని నేను పిల్లలకు చెప్పియుంటిని. అది మన అలవాటు. "మొదటి నిమిషంలో అప్పడం లేదు, పెద్దవాళ్లున్నారు" అని వాడు వ్రాసినాడు. తీసివేయుమని నేనే చెప్పితిని. చెప్పుటకు రెండు రోజులు పట్టినదని ఒప్పుకొనవలెను.

ఇది మా ఊరిలో పుట్టిన వింత కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు చేరినవి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సాలు అందున్నవి, తెలుగు కార్యక్రమములును ఉండెను. గొప్ప ప్రయత్నమే. కాని గ్రామీణులు అందులో చూచువారే గాని తీయువారు కారు. ఆ తరువాత కాలమున, దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీశ్ గారు మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతమున (నేడది సంగారెడ్డి జిల్లాలో నున్నది) దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ద్వారా చదువురాని దళిత స్త్రీల చేతికి కెమెరా నిచ్చిరి. వరంగల్లు రైతుల బీటీ పత్తి సేద్యమును వారు పొలములకు పోయి చిత్రించి, 2003 నాటికి లోకమునకు చూపిరి. అంతకంటె నన్నాకర్షించినది మరియొకటి. కంటికి సమముగా పట్టి తీయు దృశ్యమునకు ఆ స్త్రీలు "సంఘం షాట్" అని పేరు పెట్టుకొనిరి, సంఘమున అందరును ఒకే మట్టమున కూర్చుందురు గనుక. తాము చేయుచున్న పనిని ఆలోచించినవారికే ఇట్టి పేరు తోచును. ఈ సంగతి మా పిల్లలకు చెప్పగా, మామ్మగారి యెదుట పీటపై కూర్చుండి తీసినదానికి "పీట షాట్" అనియు, లోనికి పోకుండ గడపవద్దనుండి తీసినదానికి "గుమ్మం షాట్" అనియు పేర్లు పెట్టినారు. గుమ్మం షాట్‌లో మనము చుట్టపుచూపుగా వచ్చినవారమట!

ఒక జాగ్రత్త తప్పక చెప్పవలెను. మామ్మగారి వంటింటి గోడ పెచ్చులూడి యుండెను. పిల్లలు దానినే దగ్గరగా తీసిరి, బాగున్నదని. ఆమె అది చూచి మాటాడలేదు, ముఖము మాత్రము చిన్నబుచ్చుకొనినారు. ఆ దృశ్యమును తీసివేసితిమి. ఎవరిని తీసితిమో వారికి ముందు చూపక మరి యెవ్వరికిని చూపరాదని ఆనాటినుండి నియమము. పిల్లల ముఖములున్న వీడియోలను ఇంటర్నెట్టులో పెట్టు మాట తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఎత్తరాదు. ప్రచారమునకు ఆశపడి ఈ నియమమును సడలింపుమను మిత్రులతో నేను ఏకీభవింపజాలను.

ఇక పద్దు. కార్యవర్గములో కొందరు వెలగల కెమెరా కొని, రాష్ట్రస్థాయి పోటీ పెట్టి, బహుమతి ప్రకటింపవలెనని కోరుచున్నారు. పోటీ పెట్టినచో పిల్లల బదులు అన్నలును మామలును తీసి పంపుదురు. ముగ్గులపోటీలో ఆ ముచ్చట చూచితిమి. కావలసినవి మూడు స్టాండులు, మూడు మైకులు, కొన్ని నోటుపుస్తకములు, ఉపాధ్యాయురాలికి గౌరవవేతనము. ఫోనులు ఇండ్లలో నున్నవి. ఉపాధ్యాయురాలికి ఇంతవరకు మనమొక రూపాయి ఇయ్యలేదు, ఇది మనకు మర్యాద కాదు. మార్కులు వేయవలసి వచ్చినచో వీడియోకు కాక పుస్తకమునకు వేయవలెను. ఉగాది వీడియోగ్రాఫరు పద్దును ఈ సంవత్సరము పూర్తిగా కొట్టివేసి ఆ సొమ్మును ఇటు మళ్లింపవలెనని నేను తీర్మానము ప్రతిపాదించుచున్నాను. వ్యతిరేకించువారు సమావేశమునకు వచ్చి వాదింపగోరుచున్నాను, అంగడివద్ద కాదు.

పిల్లలు ఇప్పుడు పట్టుచీరల మగ్గమును తీయ సంకల్పించియున్నారు. మగ్గపుగుంటలో దిగి కూర్చున్న నేతగానిని పీట షాట్‌తో తీయుట ఎట్లో తేలక తర్జనభర్జన పడుచున్నారు. మన నేతకుటుంబములలో ఎవరైనను ఒక ఆదివారము రెండు గంటలు తమ మగ్గమువద్ద పిల్లలను కూర్చుండనిచ్చినచో, సంఘకార్యాలయమునకు కబురంపగోరెదను. మగ్గము భాగముల పేర్లు చెప్పగల పెద్దలు ఆ ఇంట నున్నచో మరియు మేలు.